చల్లగా తగిలిన గుండీ

దర్జీ కొట్టు వీధి మట్టానికి కింద ఉంటుంది. మెట్లు దిగి, తల వంచుకుని లోపలికి రావాలి. వంచనివాళ్ళకి గుమ్మమే బుద్ధి చెబుతుంది. ఉన్న ఒకే ఒక కిటికీ పైకప్పుకి ఆనుకుని, బయట వీధికి సమంగా ఉండడంతో అందులోంచి మనుషులు కనపడరు, వాళ్ళ కాళ్ళు కనపడతాయి. మిషను ముందు కూర్చుని తలెత్తితే చెప్పులు, బూట్లు, ప్యాంటు అంచులు. వాన పడితే వాటి మీద బురద. ఊళ్ళో సగంమందిని దర్జీ మోకాలి కిందనుంచే గుర్తుపడతాడు. "బ్యాంకాయన ఎడమకాలు ఈడుస్తున్నాడే, పాపం" అంటాడు, ఆయన మొహం ఎలా ఉంటుందో సరిగ్గా గుర్తులేకపోయినా.

ఆ కొట్టు మామగారిది. పెళ్ళయిన కొత్తలో "నాలుగు రోజులు చేదోడుగా ఉండు నాయనా" అంటే దిగాడు. మామగారు పోయారు గానీ ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. మిషను, పెద్ద కత్తెర, ఇస్త్రీ బల్ల, ఆ బల్ల దగ్గర నిలబడే బావమరిది, అన్నీ కలిపి అతని నెత్తిన పడ్డాయి. జిప్పులు మార్చడం, చిరిగిన జేబులకి అతుకులు, పొడుగు ప్యాంట్లకి అంచులు. బతుకంతా ఇలా అంచుల్లోనే గడిచిపోతుందేమోనని అతనికి లోపల ఒకటే బెంగ. కాజాలు మాత్రం అతనిలా కుట్టేవాడు చుట్టుపక్కల లేడు. అందుకే అందరూ కాజాల మేస్త్రి అంటారు. ఆ పేరంటే అతనికి ఒళ్ళుమంట. "కాజా అంటే ఏంటి? చిల్లు. చిల్లుల చుట్టూ కుట్టుకుంటూ ముసలాణ్ణయ్యానన్నమాట" అని విసుక్కునేవాడు.

ఆ బెంగకి మందు ఒక నాటకాల కంపెనీ రూపంలో వచ్చింది. రేవు పట్నంలో సొంత నాటకశాల ఉన్న పెద్ద కంపెనీ. ఇక్కడ ఆడడానికి వచ్చినప్పుడు రాజు వేషగాడి పొడుగు కోటు వీపు మీద బర్రున చిరిగింది. ఆట మొదలయ్యేలోగా దర్జీ దాన్ని కుట్టి ఇచ్చాడు. వాళ్ళ దుస్తులు చూసుకునే పెద్దావిడ అతుకు ఎక్కడుందో వెతికి వెతికి, దొరక్క నవ్వేసింది.

"మీరు మా దగ్గరికి వచ్చెయ్యండి" అంది. "కత్తిరింపంతా మీ చేతుల్లో పెడతాం. మీ ఆవిడకి కుట్టుపని ఉంటుంది. ఇస్త్రీకి కూడా ఒక మనిషి కావాలి. గది పెద్దది, ఈ గోడనుంచి ఆ గోడదాకా కిటికీ. సముద్రం కనిపిస్తుంది."

కిటికీ అన్నాక ఆవిడ ఇంకా ఏమేం చెప్పిందో దర్జీ చెవికెక్కలేదు. భార్య ఆ సాయంత్రమే అటకమీది ట్రంకుపెట్టె దింపింది. పెద్ద కత్తెర, సుద్దలు, టేపులు, మంచి దుప్పట్లు, టీ కెటిల్, అన్నీ సర్ది, తాడు బిగించి, కొట్టు గుమ్మం పక్కన పెట్టింది. మిగిలిన పని చిన్న కత్తెరతో కానిచ్చి, చేతిలో ఉన్న బట్టలు ఇచ్చేసి బయల్దేరడమే తరువాయి.

ఇంతలో తాళాలు బాగుచేసే పెద్దాయన పోయాడు. దాంతో వచ్చిపడింది చిక్కు.

వాళ్ళ సంఘం గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. చిన్న సంఘం, ఒక పాత గిడ్డంగిలో కూడుతుంది. అన్నీ తొలినాటి శిష్యుల పద్ధతిలోనే జరగాలని వాళ్ళ పట్టుదల. ప్రభువు ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళనీ, సుంకం మెట్టు దగ్గర కూర్చున్నవాణ్ణీ పనిలో ఉండగానే పిలిచి పన్నెండుమంది అపొస్తలుల్ని చేసుకున్నాడు కదా, వీళ్ళకీ పన్నెండుమంది ఉంటారు. వేరే బోధకుడంటూ లేడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవడం, కొట్టుకున్నవాళ్ళని కలపడం, దిక్కులేనివాళ్ళకి దిక్కవడం, అన్నీ ఆ పన్నెండుమందివే. గిడ్డంగి గంట మోగితే చేతిలో పని వదిలి రావాలి. కాబట్టి గంట వినపడే దూరం దాటి కాపురం పెట్టకూడదు. పన్నెండుమందికీ కలిపి ఒక బల్ల ఉంది, ఒకసారి దాని మీద కూర్చుంటే లేచేది పాడె మీదకే.

ఒకరు పోతే ఆ చోటు నింపడానికి కూడా పాత పద్ధతే. ప్రభువుని శత్రువులకి పట్టించి ఇస్కరియోతు యూదా పోగొట్టుకున్న చోటు కోసం ఆనాడు ఇద్దర్ని నిలబెట్టి, ప్రార్థన చేసి, చీట్లు వేశారు. చీటి మత్తీయకి వచ్చింది. రెండోవాడు యోసేపు, యూస్తు అనేవారట. అతని ఊసు ఆ తర్వాత లేఖనాల్లో ఎక్కడా రాదు. వీళ్ళు చీట్లకి బదులు గుండీలు వాడతారు. సంఘం మొదలుపెట్టినవాళ్ళు బట్టల మిల్లు పనివాళ్ళు, వాళ్ళ జేబుల్లో ఉండేవి అవే మరి. గుడ్డ సంచిలో తెల్లది ఒకటి, నల్లది ఒకటి. ఇద్దరిలో చిన్నవాడు కళ్ళు పైకెత్తి ముందు చెయ్యి పెడతాడు. మిగిలింది పెద్దవాడిది. తెల్లది ఎవరిదైతే వాడు పన్నెండోవాడు. నాకొద్దు అనడానికి వీల్లేదు.

పాత ఎముక గుండీల్లో ఒకటి పగిలితే కొత్త జత ఇచ్చింది మన దర్జీయే. ఇవ్వడంలో పొరపాటు చేశాడు. డబ్బాలో తెల్ల ఆల్చిప్ప గుండీ ఒకటి మంచిది దొరికింది. దానికి జోడీగా నల్ల ఆల్చిప్పది దొరకలేదు. సరేలెమ్మని అదే సైజులో, అదే మందంలో, నాలుగు చిల్లులున్న నల్ల ప్లాస్టిక్‌ది ఏరి ఇచ్చేశాడు. కంటికి రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఆల్చిప్ప వేలికి చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. కానీ పొద్దస్తమానం గుండీలు తడిమేవాడికి తప్ప ఆ తేడా ఇంకెవరికి తెలుస్తుంది? ఆ తర్వాత ఆ సంచిలో చేతులు పెట్టినవాళ్ళు ఒక రంగులేసే మేస్త్రి, ఒక పళ్ళ డాక్టరు, అలాంటివాళ్ళు. వాళ్ళకి అది గుండీయో గులకరాయో కూడా పట్టలేదు.

ఈసారి తాళాలాయన చోటుకి నిలబడ్డ ఇద్దరూ ఒకే కొట్లోవాళ్ళు.

బావమరిది పేరు రావడం వింతేమీ కాదు. వాడికి ఊహ తెలిసినప్పటినుంచీ ఆ బల్ల మీదే కన్ను. అపొస్తలుల పేర్లు తండ్రుల పేర్లతో సహా గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. చొక్కాలు ఇస్త్రీ చేస్తూ వాటికి ప్రసంగాలు వినిపిస్తాడు. దర్జీ పేరు రావడమే వింత. కొలతలకి చేతులు చాపి నిలబడ్డవాళ్ళు ఎందుకో ఇంట్లో గొడవలన్నీ అతనికి చెప్పేసుకుంటారు. అతని నోటినిండా గుండుసూదులు ఉంటాయి కాబట్టి బదులు చెప్పడు. దాన్ని జనం పెద్దరికం అనుకున్నారు.

గిడ్డంగిలో సంచి తెచ్చి బల్ల మీద పెట్టేదాకా దర్జీకి ఆ గుండీల సంగతే గుర్తు రాలేదు. చూడగానే గుర్తొచ్చింది. 'ఆగండి' అనబోయాడు. అంతలో ఇంకో ఆలోచన వచ్చి నోరు నొక్కేసింది. ముందు చెయ్యి పెట్టేది బావమరిది. చల్లటిదే తెల్లదని వాడి వేళ్ళకి తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా కలవరించినది చేతికి దొరికితే వదులుతాడా? వాడు కోరుకున్నది వాడికి, నేను కోరుకున్నది నాకు. ఇందులో ఎవరికి నష్టం?

బావమరిది కళ్ళు పైకెత్తి సంచిలో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి లోపల చాలాసేపు ఉండిపోయింది. బయటికి తీసి గుప్పిట విప్పితే, నల్లది.

అందరూ లేచి పాట అందుకున్నారు. పన్నెండుమందికీ పెద్దయిన గార్డు గారు, రైల్వేలో చేసి రిటైరైన మనిషి, వచ్చి దర్జీని గట్టిగా కావలించుకున్నాడు. ఆ భుజం మీదనుంచి దర్జీకి భార్య కనిపించింది. ఆవిడ లేవనూ లేదు, పాడనూ లేదు.

ఇంటికొచ్చాక ఆవిడ ఒకటే ప్రశ్న అడిగింది.

"పేతురుకి అత్త ఉండేదని, ఆవిడకి జ్వరం వస్తే ప్రభువు బాగుచేశాడని చెబుతారు కదా. అత్త ఉందంటే పెళ్ళాం ఉన్నట్టేగా?"

"ఉన్నట్టే."

"వలలు వదిలి పోతున్నానని ఆ మహానుభావుడు ఆమెకి ఒక ముక్కయినా చెప్పాడా? ఎవరైనా ఆమెని అడిగారా?"

"ఆ పెట్టె అలాగే ఉండనీ. ఏదో దారి చూస్తాను" అన్నాడు దర్జీ.

దారి చూడడం మొదలుపెట్టాడు. ముందు మర్యాదగా గార్డు గారి ఇంటికి వెళ్ళాడు.

"నాకంత యోగ్యత లేదండీ. కోపిష్టివాణ్ణి. నోరు మంచిది కాదు. మీకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి."

గార్డు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "పేతురూ పడవలో ఇదే మాట అన్నాడయ్యా. నేను పాపిని, నన్ను వదిలిపో అన్నాడు. ప్రభువు వదిలాడా?"

తర్వాత, అసలు నమ్మకమే సగం సగం అని చెప్పి చూశాడు. గాయాలు తాకితేగానీ నమ్మనన్న తోమా సంగతి ఎత్తారు. ప్రసంగం మొదలవగానే నిద్ర ముంచుకొస్తుందన్నాడు. ప్రభువు తోటలో ప్రార్థిస్తుంటే శిష్యులు ముగ్గురికి ముగ్గురూ నిద్రపోయారు కదా అన్నారు. కూటంలో కావాలనే రంగుల మేస్త్రితో తగువు పెట్టుకుని అరిచి వీరంగం వేశాడు. అపొస్తలులైన జెబెదయి కొడుకులిద్దరికీ ఉరుముల పేరు ఊరికే రాలేదని ఆ మేస్త్రే నవ్వుతూ వచ్చి భుజం తట్టాడు. ఏ తలుపు తోసినా దాని వెనక ఒక అపొస్తలుడు కాచుక్కూర్చున్నాడు. వాళ్ళు లోకం తిరిగి, దెబ్బలు తిని, ఒక్కొక్కరూ ఒక్కోచోట ప్రాణాలిచ్చారని చిన్నప్పటినుంచీ విన్నాడు. వాళ్ళ తప్పులు ఇంత కచ్చితంగా గుర్తుపెట్టుకుంటారని అప్పుడు అనుకోలేదు.

చివరికి గంట మోగినా వెళ్ళకుండా మిషను తొక్కుతూ కూర్చున్నాడు. కిటికీలోంచి గార్డు గారి బూట్లు కనిపించాయి. వాటి పక్కన ఏడుస్తున్న ఎవరివో పాత చెప్పులు. చెప్పులు ఏడుస్తాయా అంటే, అతనికి కాళ్ళని చూస్తే తెలిసిపోతుంది. ఇద్దరూ మెట్లు దిగొచ్చారు.

"నువ్వు రాకపోతే ఏంలే, మేమే వచ్చాం" అన్నాడు గార్డు గారు. "పిలుపు వలల దగ్గరికే వచ్చింది, సుంకం బల్ల దగ్గరికే వచ్చింది. నీ మిషను దగ్గరికి రావడానికి దానికి నామోషీ ఏముంది?"

ఆ చెప్పులావిడ కూతురితో మాటలు మానేసి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో తెలియక ఏడుస్తోంది. దర్జీ నోట్లో సూదులతో విన్నాడు. ఆవిడ మనసు తేలికపడి వెళ్ళిపోయింది. అతనికి మాత్రం గది ఇంకా ఇరుకైంది.

"తోమా అయ్యాడు, పేతురయ్యాడు" అంది భార్య అన్నం పెడుతూ. "ఇక మీకు పోలికగా మిగిలింది ఒక్కడే."

అని, తన మాటకి తనే ఉలిక్కిపడి లోపలికి వెళ్ళిపోయింది. యూదా పేరు ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆ బల్ల మీదనుంచి బతికుండగా లేచిపోయినవాడు వాడొక్కడేనని మాత్రం ఇద్దరికీ తెలుసు. దర్జీ కంచం పక్కకి జరిపి లేచాడు.

మర్నాడు బావమరిదిని తీసుకుని తిన్నగా గిడ్డంగికి వెళ్ళి, పన్నెండుమంది ముందు నిలబడ్డాడు. పదకొండుమంది అనాలి, పన్నెండోవాడు తనే. గుండీల కథంతా చెప్పేశాడు. తెల్లది ఆల్చిప్పది, నల్లది ప్లాస్టిక్‌ది, మా కొట్లోవాళ్ళ వేళ్ళకి తేడా తెలుస్తుంది, ఆ సంగతి తెలిసీ నేను మాట్లాడకుండా ఊరుకున్నాను, కాబట్టి ఆ ఎంపిక చెల్లదన్నాడు. ఈ ఒక్క మాటకి మాత్రం అడ్డురావడానికి అపొస్తలుడెవడూ లేడు, అది అతని ధైర్యం.

గార్డు గారు సంచి విప్పి రెండు గుండీలూ అరచేతిలో వేసుకుని చూశాడు. ఆయన మొహం చూసి దర్జీకి ఆశ పుట్టింది.

"నువ్వు ముందు తీసుంటే అది వేరు" అన్నాడాయన చివరికి. "నీ వంతుకి మిగిలింది ఒక్కటే గుండీ. ముందు తీసింది నీ బావమరిది. వాడు చెప్పాలి. ఏరా అబ్బాయ్, చేతికి తేడా తెలిసిందా?"

బావమరిది తన చేతుల వంక చూసుకున్నాడు. "ఎక్కడ తెలుస్తుందండీ? ఇస్త్రీ పెట్టె పట్టీ పట్టీ వేళ్ళు మొద్దుబారిపోయాయి. సూది గుచ్చినా తెలియదు."

దర్జీ కూడా ఆ చేతుల వంక చూశాడు. నిజమే కదా! ఆవిరికీ వేడికీ కమిలిపోయిన వేళ్ళు అవి. తను లెక్క వేసుకున్నది తన వేళ్ళతో, వాడి వేళ్ళతో కాదు. పాపం, వాడు గుడ్డిగా తీసుకుని, బతుకంతా కోరుకున్నది పోగొట్టుకున్నాడు.

"అయితే చెల్లుతుంది" అన్నాడు గార్డు గారు.

దర్జీ ఆఖరి అస్త్రం తీశాడు. "అపొస్తలుడంటే పంపబడినవాడని మీరే కదా చెబుతారు? మరి నన్ను పంపండి. రేవు పట్నానికి పంపండి. అక్కడా మనుషులున్నారు, అక్కడా ఏడుస్తారు."

"పంపితే వెళ్ళేవాణ్ణి పంపబడినవాడంటారు" అన్నాడు గార్డు గారు మెల్లగా. "నువ్వు పోతానంటున్నావు. రెంటికీ చాలా దూరం ఉందయ్యా."

ఆ వారమే తాళాలాయన భార్య కబురు పంపింది. ఆ చోటు ఇదివరకు ఆమె భర్తదే. వెళితే ఆయన పాత కోటు చేతిలో పెట్టి, తను వేసుకునేలా చిన్నది చేసిమ్మంది. దర్జీ కొలతలు తీస్తుంటే చేతులు చాపి నిలబడి ఆవిడా మొదలుపెట్టింది.

"తెల్ల గుండీ వచ్చిన రోజు మా ఆయన గోడకి తల బాదుకున్నాడు. వాళ్ళ అన్నతో కలిసి ఓడల్లో పనికి పోవాలనుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ తాళాలన్నీ తీసేవాడు, ఈ తాళం ఒక్కటీ ఆయన వల్ల కాలేదు."

దర్జీ నోట్లో సూదులు తీసేశాడు. "మరి ఎప్పటికి కుదురుకున్నాడమ్మా?"

"కుదురుకోవడమా? ఎక్కడా? చనిపోయే ముందు కూడా ఓడల గురించే అడిగాడు. కానీ గంట మోగితే వెళ్ళేవాడు." భుజం సరిచేసుకుని, "నడుం దగ్గర మరీ బిగించకు నాయనా" అంది.

దర్జీ ఓదార్పు దొరుకుతుందేమోనని వెళ్ళాడు. దొరికింది ఇది. ఆ కోటు పట్టుకుని కొట్లోకి దిగుతుంటే ఎన్నడూ లేనిది గుమ్మం అతని తలకే ఠపీమని తగిలింది.

నాటకాల కంపెనీనుంచి మళ్ళీ కబురొచ్చింది. కత్తిరింపుకి అతను వచ్చేదాకానో, వేరే మనిషి దొరికేదాకానో ఎలాగో నెట్టుకొస్తారట, ఇస్త్రీ మనిషినైనా వెంటనే పంపమన్నారు. ఆ మాట చదివి వినిపించగానే బావమరిది ఇస్త్రీ పెట్టె కింద పెట్టాడు.

"నేను పోతాను బావా. నాకిక్కడ ఇంకేముంది?"

సంఘమంతా అయ్యో అనుకుంది. గుండె పగిలి పోతున్నాడు కుర్రాడు, యూస్తు కూడా ఇలాగే ఏ ఊరో పోయి ఉంటాడు అనుకున్నారు. అందరికంటే ఎక్కువ కుమిలిపోయింది దర్జీ. వాడి చోటు తను తిన్నాడు, తన చోటుకి వాడు పోతున్నాడు. నోరు తెరిచి క్షమాపణ చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాదు. అందుకని కోటు కుట్టాడు. దాచుకున్న మంచి గుడ్డ తీసి, లోపల మెత్తటి అస్తరు వేసి, కాజాలకి ప్రాణం పెట్టి కుట్టాడు. ఆల్చిప్ప గుండీలు డబ్బా అంతా గాలించి పోగుచేస్తే ఒకటి తక్కువైంది. మూడోదానికి తెల్ల ప్లాస్టిక్‌ది పెట్టాడు. ఎంత కళ్ళు చికిలించి చూసినా తేడా తెలియదు.

బస్సు దగ్గరికి గార్డు గారు, పళ్ళ డాక్టరు, ఇంకొంతమంది వచ్చారు. భార్య తమ్ముడి కోసం దారిలో తినడానికి ఏదో కొనుక్కొస్తానని అంగడికి వెళ్ళింది. చలిగాలి వీస్తోంది. దర్జీ కోటు విప్పి పట్టుకుంటే బావమరిది చేతులు దూర్చాడు. అక్క ఇంకా రాలేదేమని అటే చూస్తూ, పైనుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటున్నాడు.

"ఇదేంటి బావా, మూడోది ప్లాస్టిక్‌ది పెట్టావు?" అన్నాడు, చూపు తిప్పకుండానే.

అన్నాక వాడి వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

దర్జీ ఆ వేళ్ళ వంక చూశాడు. తర్వాత మొహం వంక చూశాడు. బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సూది గుచ్చినా తెలియదన్నావు" అన్నాడు దర్జీ, పక్కవాళ్ళకి వినపడకుండా.

"భయమేసింది బావా."

"చిన్నప్పటినుంచీ కావాలన్నావు కదరా!"

"కావాలనే అనుకున్నాను. ఒట్టు. కానీ చేతికి చల్లగా తగిలేసరికి... పట్టుకుంటే ఇక వదలదని అర్థమైపోయింది. మొత్తం కనపడింది. ఆ బల్ల, ఆ గంట, ఆ కొట్టు, ఆ కిటికీ. పక్కదాన్ని పట్టుకున్నాను." వాడు దర్జీ చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పెయ్యి బావా. గార్డు గారు ఇక్కడే ఉన్నారు. చెప్పెయ్యి, నేనిక్కడే దిగబడిపోతాను. నువ్వు పో."

గార్డు గారు నాలుగు అడుగుల దూరంలో డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. ఒక్క కేక చాలు. ఇన్ని తలుపులు తోసి తోసి భుజాలు నొప్పెట్టినవాడికి తాళంచెవి చేతికే వచ్చింది. సముద్రం, గోడంత కిటికీ, రాజుల కోట్లు. దర్జీ ఆ క్షణంలో వాడిని ఎంత అసహ్యించుకున్నాడో చెప్పడం కష్టం. కాలర్ పట్టుకుని ఈడ్చుకెళ్ళి ఆ బల్ల మీద కూలేయాలనిపించింది. వాడు ఆ బల్ల మీద కూర్చుంటే ఎలా ఉంటాడో కూడా కళ్ళకి కట్టింది. గంట మోగినప్పుడల్లా ఇదే మొహం. ఏడ్చేవాళ్ళు వచ్చి ఈ మొహం ముందు కూర్చుంటారు.

"ఏంటయ్యా, బావాబావమరుదుల గుసగుసలు?" అంటూ గార్డు గారు వచ్చాడు.

"ఏం లేదండీ. మూడో గుండీ వదులుగా ఉందంటున్నాడు" అన్నాడు దర్జీ. జేబులోంచి సూదీదారం తీసి, వంగి, ఊడని గుండీని మళ్ళీ బిగించి కుట్టాడు. దారం పళ్ళతో కొరికి, కోటు ముందు భాగం అరచేత్తో సర్దాడు. "ఇక ఊడదు. ఎక్కు."

బావమరిది బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఎక్కరా, బస్సు పోతుంది. నేనే పంపుతున్నాను. వెళ్ళు."

భార్య పొట్లం పట్టుకుని పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి తమ్ముడికి అందించింది. వాడు అక్క చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చేశాడు. గుండె పగిలిందనే అందరూ మళ్ళీ అనుకున్నారు.

కొట్లోకి వచ్చాక దర్జీ మిషను ముందు కూర్చోలేదు. గుమ్మం పక్కన ట్రంకుపెట్టె ముందు గొంతుక్కూర్చుని తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. భార్య చాలా బిగించి కట్టింది, గోళ్ళకి లొంగలేదు.

ఆవిడ మెట్ల మీద నిలబడి చూసింది. "ఏం చేస్తున్నారు?"

"పెద్ద కత్తెర కావాలి. చిన్నదానితో చెయ్యి నొప్పెడుతోంది."

"అంటే మనం వెళ్ళట్లేదా?"

"లేదు."

"ఎవరన్నారు? గార్డు గారా?"

"ఎవరూ అనలేదు. నేనే."

ఆవిడ మెట్లు దిగి వచ్చింది. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. "మరి నన్నడిగారా?"

దర్జీ తాడు వదిలేశాడు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకి జవాబు లేక తప్పించుకు తిరిగాడు. ఇప్పుడు కూర్చున్నచోటనుంచే తలెత్తి, బస్సు దగ్గర జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. మూడో గుండీ, ఆగిపోయిన వేళ్ళు, చెప్పెయ్యి బావా అన్న మాట, ఏదీ దాచలేదు.

"ఇంకా వేళ మించిపోలేదు" అన్నాడు. "గార్డు గారికి చెబితే రేపే వాణ్ణి వెనక్కి పిలిపిస్తారు. మనం వెళ్ళిపోవచ్చు. నువ్వు వెళ్దామంటే ఇప్పుడే పోయి చెబుతాను. అందుకే అడుగుతున్నాను."

ఆవిడ ఇస్త్రీ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఇస్త్రీ పెట్టె చల్లారిపోయి ఉంది. బయట ఎవరివో కాళ్ళు కిటికీని దాటుకుంటూ పోయాయి, పిల్లల చెప్పులు, తర్వాత ఒక చేతికర్ర.

"చల్లగా తగిలిందన్నాడా?"

"అన్నాడు."

"చిన్నప్పుడూ అంతే వాడు. కావాలని దొర్లి దొర్లి ఏడ్చేవాడు. చేతిలో పెడితే మంచం కింద దాక్కునేవాడు." కళ్ళు తుడుచుకుంది. కోపం మాత్రం గొంతులో అలాగే ఉంది. "ఆ సముద్రం నేను ఎప్పటికీ చూడను. ఆ సంగతి మీకు జీవితాంతం గుర్తుచేస్తూనే ఉంటాను. ముందే చెబుతున్నాను."

"గుర్తుచెయ్యి."

ఆవిడ వంగి అతని చేతులు పక్కకి నెట్టి, తను వేసిన ముడి తనే ఒక్క లాగుతో విప్పింది. పెద్ద కత్తెర తీసి అతని ఒళ్ళో పడేసింది. దుప్పట్ల కిందనుంచి కెటిల్ బయటికి లాగి, నీళ్ళు పోసి, స్టవ్ మీద పెట్టింది. నీళ్ళు మరిగేలోపే గిడ్డంగి గంట మోగింది.

దర్జీ కత్తెర పక్కన పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర తల వంచాడు.

"తాగి వెళ్ళండి" అంది ఆవిడ, అటు తిరిగే. "ఆ గంట ఎక్కడికీ పోదు."